కోత పండక్కి ఇచ్చిన తీగ

నరసరావుపేటకు కాపురానికి వచ్చాక ముప్పై ఏళ్ల పాటు, పంటలో మొదటిది దేవునికిచ్చే కోత పండక్కి నేను సొరకాయ కొని తీసుకెళ్లాను. ముందు రోజు సాయంత్రమే రైతు బజారుకు వెళ్లి, గోరు గుచ్చి చూసి, లేతదీ మచ్చ లేనిదీ ఎంచుకునేదాన్ని. ఆదివారం ఉదయం దాన్ని తడిగుడ్డతో తుడిచి, చర్చిలో బల్ల మీద పెట్టి, తల వంచుకుని నా చోటికి వచ్చి కూర్చునేదాన్ని. అందులో తప్పేమీ లేదని అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. మా పాస్టరు గారిని మేమందరం అయ్యగారనే అంటాం, చర్చిని గుడి అంటాం. పట్నంలో ఉండేవాళ్లకు పొలాలెక్కడివి, మీ కష్టమే మీ పంట, ఆ కష్టంతో కొన్నది కూడా దేవునికి ఇష్టమే అనేవారు. నేను సండే స్కూల్లో పాఠం చెబుతాను కాబట్టి పిల్లలకు కూడా అదే మాట చెప్పేదాన్ని. కానీ చెబుతున్నప్పుడు నా గొంతు నాకే కొంచెం పలచగా వినిపించేది.

ఎందుకంటే నేను మా నాన్నను చూసి పెరిగాను. బొల్లాపల్లి పక్కన మాకు ఎకరన్నర మెట్ట చేను ఉండేది. కంది, ఆముదం, కొన్నేళ్లు పత్తి. వాన దయ చూపితే పంట, లేకపోతే కూలి. ఏ ఏడు ఎలా ఉన్నా మొదటి తీత పత్తిని నాన్న విడిగా తెల్ల తువాల్లో మూట కట్టి దూలానికి వేలాడదీసేవాడు. పండుగ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మొదటి కందికాయలు కూడా అంతే. పిల్లలం ఎంత ఏడ్చినా అమ్మ వాటిని ఉడకబెట్టేది కాదు. పండుగ రోజున ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని నాన్న గుడిలోకి నడిచేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా ఉండేది. ఏడాదిలో మరే రోజూ ఆయన అలా నడవగా నేను చూడలేదు.

అలా ఒక్కసారి నడవాలని నాకుండేది. నా చేత్తో పెంచింది, నేను నీళ్లు పోసింది, ఒక్కటంటే ఒక్కటి ఆ బల్ల మీద పెట్టాలి. నా ప్రార్థనల్లో ఈ కోరిక ఎప్పుడూ ఉండేది. ఇది చిన్న కోరికే. అడగడానికి సిగ్గుపడేంత చిన్నది.

మాది మేడ మీద రెండు గదుల వాటా. కుండీల్లో వేసి చూడలేదా అంటే వేశాను. బోరు నీళ్లు ఉప్పు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లతో ఏ మొక్క బతుకుతుంది? మే నెల వచ్చేసరికి కుండీలు పెనాల్లా కాలేవి. ఒక ఏడాది మాత్రం రెండు వంకాయలు కాశాయి. వాటికి గుడ్డ కట్టి కాపాడుకుంటూ వచ్చాను. పండుగ వారంలో కోతి వచ్చి గుడ్డతో సహా తెంపుకుపోయింది. ఆ ఏడు కూడా సొరకాయే.

అయిదేళ్ల కిందట మా ఇంటికి చేపల తొట్టి వచ్చింది. మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బజారులో బట్టల కొట్టు సాయిబు గారి బోరు మోటారు ఎప్పుడు కాలినా ఈయనే బాగుచేయాలి. సాయిబు గారు కొట్టు కొత్తగా చేయించుకుంటూ, పాత చేపల తొట్టి మూల నుంచి నీరు కారుతోందని పారేయబోతే, ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు. మూలలకు సిలికాన్ గమ్ పూసి, రెండు రోజులు ఆరబెట్టి, బుడగల మోటారు విప్పి బాగుచేసి, ముందు గదిలో నా కుట్టు మిషను పక్కన స్టాండు మీద పెట్టాడు. తొట్టితో పాటు అరచేయంత నారింజ రంగు గోల్డ్ ఫిష్ ఒకటి, చిన్నవి మూడు వచ్చాయి.

సాయంత్రం పని నుంచి రాగానే చేతులకంటిన వార్నిష్ కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని ఆయన తొట్టి ముందు కూర్చునేవాడు. పెద్ద చేప అద్దం దగ్గరికి వచ్చి ఆయన వేలు ఎటు కదిలితే అటు తిరిగేది. ఈ ఇంట్లో తన మాట వినేది అదొక్కటేనని ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. ఆయన నాలా ప్రతి ఆదివారం గుడికి రాడు. క్రిస్మసుకు వస్తాడు, మిగతా రోజుల్లో నన్ను స్కూటరు మీద గేటు దాకా దించి వెళ్తాడు. ఆయన ప్రార్థన చేసుకునే సమయం అదేనేమో, ఆ తొట్టి ముందు టీ తాగే సమయం అని నేను అనుకునేదాన్ని.

చేపలు బాగానే ఉన్నాయి కానీ నీళ్లే నిలవలేదు. వారం తిరిగేసరికి ఆకుపచ్చగా మారి వాసన కొట్టేవి. బకెట్లతో నీళ్లు మేడ ఎక్కించి, దించి నా నడుము పోయింది. ఈ గోల విని సాయిబు గారు ఒక ఉపాయం చెప్పారు. మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి తెచ్చి, వేరు నీళ్లలో, ఆకు బయట ఉండేట్టు తొట్టి అంచుకు తగిలించమన్నారు. చేపల మురికే దానికి ఎరువు, అది తాగేస్తే చేపలకు నీళ్లు శుభ్రం అన్నారు.

కింద ఇంటివాళ్లది కిరాణా కొట్టు. ఆ ఇంటావిడను నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ల గేటు మీద మనీ ప్లాంట్ గుబురుగా అల్లుకుని ఉంటుంది. ఒక కొమ్మ ఇవ్వమని అడిగితే ఆవిడ నన్ను వింతగా చూసింది.

"అడిగి తీసుకోకూడదే. అది దొంగిలిస్తేనే పెరుగుద్ది. నేను లోపలికి పోయి పాలు పొంగినయ్యేమో చూసొస్తా. నువ్వు తెంచుకుపో."

"నేను దొంగతనం చెయ్యను గదక్కా."

"నువ్వు చేసేదేముంది? నేను చూడట్లేదు, అంతే."

ఆవిడ లోపలికి వెళ్లింది. పాలు చూసి తిరిగి వచ్చేసరికి నేను గేటు దగ్గర చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. పది ఆజ్ఞలు పిల్లలకు కంఠతా పట్టించేదాన్ని, ఒక కొమ్మ కోసం దొంగిలవద్దన్న ఎనిమిదోదాన్ని ఎలా దాటను? చివరికి ఆవిడే విసుక్కుంటూ కత్తెర తెచ్చి తన చేత్తో కత్తిరించి ఇచ్చింది. ఇది పెరగకపోతే నన్నడగమాక అని కూడా చెప్పింది.

అది పెరిగింది. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారంలో కణుపు దగ్గర తెల్లటి మొన ఒకటి వచ్చింది. నెల తిరిగేసరికి వేళ్లు దారాల్లా నీళ్లలోకి దిగాయి, చిన్న చేపలు వాటి మధ్య దాక్కునేవి. నాకు ధైర్యం వచ్చి మరికొన్ని పెట్టి చూశాను. కరివేపాకు కొమ్మ కుళ్లిపోయింది. పుదీనా బతికింది కానీ చిటికెనవేలి గోరంత ఆకులు వేసి ఆగిపోయింది. మనీ ప్లాంట్ ఒక్కటే ఆ తొట్టిని తన ఇల్లు అనుకుంది. థర్మోకోల్ ముక్కకు బెజ్జం పెట్టి దాన్ని నిలబెట్టాను. నీట మునిగే ఆకును ముందే తుంచేయాలనీ, ఆకు మునిగితే కుళ్లి నీటిని పాడుచేస్తుందనీ నేర్చుకున్నాను. కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదనీ, ఒక రోజంతా బకెట్లో ఉంచి బ్లీచింగ్ మందు వాసన పోయాక పోయాలనీ మా ఆయన చెప్పాడు. తీగ కిటికీ ఊచలు ఎక్కి, గోడ వెంట పాకి, నా మిషను మీదుగా వచ్చింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కొలతలు ఇస్తూ దాన్నే చూసేవాళ్లు. ఉప్పు నీళ్ల ఊళ్లో, మట్టి లేని మేడ మీద, నా చేతి కింద ఒక పచ్చటి ప్రాణం పెరుగుతోందని చూసినప్పుడల్లా స్తోత్రం అనుకునేదాన్ని.

కిందటేడు పత్తి మొదటి తీతలు అయ్యాక కోత పండుగ ప్రకటించారు. ఆ రాత్రి వాక్యం చదువుకుంటుంటే ఒక సంగతి నా కంటపడింది. చెట్టు నాటాక మూడేళ్లు దాని పండు తినకూడదని, నాలుగో ఏడు వచ్చింది దేవునిదని బైబిల్లోని ధర్మశాస్త్రంలో ఉంది. ఎన్నోసార్లు చదివిందే. ఆ పూట మాత్రం లెక్క వేసుకున్నాను. తీగకు నాలుగో ఏడు. నేను అడుగుతున్నది నా ముందు గదిలోనే నాలుగేళ్లుగా పెరుగుతోందని అప్పుడు తెలిసింది.

మర్నాడు మా ఆయనకు చెప్పాను. మంచిదే, ఒక కొమ్మ కత్తిరించి సీసాలో పెట్టి తీసుకుపో అన్నాడు. కొమ్మ కాదు, తీగంతా ఇస్తానన్నాను. వేళ్లతో సహా. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"తీగంతా ఎందుకే?"

పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామని చెప్పిన భార్యాభర్తల సంగతి నేను ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాను. ఆ అబద్ధానికి ఇద్దరూ అక్కడికక్కడే పడి చచ్చిపోయారని కూడా చెబుతాను. అదే ఆయనకూ చెప్పాను.

"సగం మనం దాచుకోని సగం దేవుడికియ్యమంటావా?"

"దాచుకునేది మనం కాదే. చేపలు."

ఆ మాట నేను వినిపించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజు ఆ ఇంట్లో వాక్యం సరిగ్గా అర్థమైంది ఆయనకే. నాకు మాత్రం నాన్న తెల్ల మూట కళ్ల ముందు ఊగుతోంది.

శనివారం మధ్యాహ్నం తీగను గోడ నుంచి జాగ్రత్తగా విడదీశాను. వేళ్లు తేలికగా వస్తాయనుకున్నాను. అవి అడుగున గులకరాళ్లను వలలా పట్టుకుని ఉన్నాయి. లాగితే రాళ్ల కింద నాలుగేళ్లుగా పేరుకున్న నల్ల మురికి ఒక్కసారిగా లేచి, పెద్ద చేప కూడా కనబడకుండా పోయింది. ఇలాంటి నీళ్లలో చేపల్ని ఎలా ఉంచుతామని, సగం తోడి పారబోశాను. సరిగ్గా అప్పుడే కుళాయి వచ్చింది. పండుగ తొందరలో పైపు తగిలించి తొట్టి నింపేశాను. ముందు రోజు పట్టి ఉంచిన బకెట్లు రెండు పక్కనే ఉన్నాయి. వాటి సంగతే నాకు తోచలేదు.

ఆదివారం తెల్లవారేసరికి నాలుగు చేపలూ పైకి తేలి, నోళ్లు నీటి బయట పెట్టి గాలి కోసం ఆడిస్తున్నాయి. మా ఆయన తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. మురికి సర్దుకుంటే అవే బాగవుతాయన్నాను. ఆయన స్కూటరు తీయలేదు. తీగను వెదురు తట్టలో చుట్టలుగా చుట్టి, వేళ్లను నీళ్ల సీసాలో ఉంచి, నేను ఆటోలో గుడికి వెళ్లాను.

బల్ల నిండా గుమ్మడికాయలు, ఎర్ర మిరపకాయలు, వడ్ల మూటలు, పత్తి, కోడిగుడ్లు. బల్ల కాలికి కట్టిన కోడిపుంజు ఒకటి. వాటి మధ్య నా తట్ట దింపాను. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయి చాలా కాలమైంది, గుడి వెనక సందులో ఒంటి గదిలో ఉంటుంది. ఆరాధనలో ప్రతి పాటా ఆమె ఎత్తుకుంటేనే మేం అందుకుంటాం. అయ్యగారితో సహా అందరికీ ఆమె పెద్దమ్మే. నా తట్ట చూసి దగ్గరికి వచ్చింది.

"ఏమే, ఇదేం పంట? కాయా, పూవా, గింజా?"

"ఆకే పెద్దమ్మా."

"వండుకోవచ్చా?"

"వండకూడదు. అలంకారానికి. మట్టి లేకపోయినా నీళ్లలో పెరుగుద్ది."

"మరి దేవుడేం చేసుకుంటాడే దీంతో?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. పేరులోనే డబ్బున్న మొక్కను దేవుని బల్ల మీద పెట్టిందని ఒకావిడ వెనక నుంచి అంది. నాకు కోపం రాలేదు. అయ్యగారు వచ్చి తట్టను తీసి బల్ల మధ్యలో, వడ్ల మూటల మీద, ఎత్తుగా పెట్టారు. ఆకులు గుమ్మడికాయల మీదుగా కిందికి జారాయి. నా చోటికి నడుస్తున్నప్పుడు నా మెడ నిటారుగా ఉందని నాకే తెలిసింది. ఆ గంటన్నర నేను ఎంత సంతోషంగా ఉన్నానో రాయడం చేతకాదు. పాటల మధ్యలో మాత్రం రెండు మూడుసార్లు నీటిపైన ఆడుతున్న ఆ నోళ్లు గుర్తుకొచ్చాయి.

చాలా చోట్ల పండుగ రోజున బల్ల మీదివి వేలం వేస్తారు. మా సంఘంలో అది ఎప్పుడో ఆపేశారు. ఉన్నవాళ్లు పాడుకుంటుంటే లేనివాళ్లు చూస్తూ నిలబడడం బాగాలేదని పెద్దలు అనుకున్నారట. ఆరాధన కాగానే ముందు విధవరాండ్రు వచ్చి తలా ఒకటి, తమకు నచ్చింది తీసుకుంటారు. ఆ తర్వాత మిగిలినవాళ్లు. ఒక్కటే నియమం: ఎవరు తెచ్చింది వాళ్లు తీసుకెళ్లకూడదు. ఇచ్చింది ఇచ్చినట్టే.

ఆఖరి ఆశీర్వాదం అయ్యాక బయటికి వచ్చి ఫోన్ చూస్తే మా ఆయన నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను.

"చిన్నదొకటి పోయింది," అన్నాడు. "పెద్దది పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు మారుస్తానే ఉన్నా. ఆ తీగ వెనక్కి తీసుకురా."

"ఇచ్చేసింది ఎట్టా తెస్తా?"

అవతల చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. "చేపల్ని చేసింది కూడా ఆయనే గదే," అని పెట్టేశాడు.

నేను గుడి మెట్ల మీద నిలబడిపోయాను. మొక్కుకుని ఇచ్చినదాన్ని విడిపించుకోవాలంటే దాని వెలకు అయిదో వంతు కలిపి ఇవ్వాలని లేఖనంలో ఉంది. వెల లేనిదానికి అయిదో వంతు ఎంత? ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన కూడా గుంటలో పడ్డ పశువును పైకి తీయవచ్చనీ ఉంది. మరి తొట్టిలో చేప? నాకు తెలిసిన వాక్యమంతా ఒకదాని మీద ఒకటి వచ్చి పడింది కానీ ఏదీ నా చెయ్యి పట్టుకుని నడిపించలేదు. పరుగున లోపలికి వెళ్లి అయ్యగారికి సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, బల్ల వైపు చూసి, నవ్వాలో వద్దో తెలియనట్టు ముఖం పెట్టారు.

"నాదేముందమ్మా? అది ఇప్పుడు పెద్దమ్మ ఒళ్లో ఉంది."

గుమ్మడికాయలను, కోడిగుడ్లను, పుంజును వదిలేసి పెద్దమ్మ నా తీగనే తీసుకుంది. ముందు వరస బెంచీ మీద కూర్చుని తట్ట ఒళ్లో పెట్టుకుని, ఆకుల మీద దుమ్ము కొంగుతో తుడుస్తోంది. నేను దగ్గరికి వెళ్లాను. ఆమెను ఎలా అడగను? తట్ట వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఏందే మొహం అట్టా పెట్టావు? నేను తీసుకోవటం ఇష్టం లేదా?"

"అట్టా కాదు పెద్దమ్మా."

"నవ్వితే నవ్వా గాని, ప్రసంగమంతా దీన్నే చూస్తా ఉన్నా. దేవుడు క్షమించాలి. ఎంత పచ్చగా ఉందే! నా గదికి ఒకటే కిటికీ. వాకిట్లో అంతా సిమెంటు. నీళ్లలో బతికిద్దన్నావు గదా, నాకు ఇదే కావాలనిపించింది."

ఆ మాట విన్నాక అడగడం మరింత కష్టమైంది. మట్టి లేని ఇంట్లో పచ్చటిది ఒకటి కావాలనుకోవడం ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? అయినా అబద్ధం చెప్పలేను కాబట్టి జరిగింది చెప్పాను. తొట్టి, వేళ్లు, మురికి, కుళాయి నీళ్లు, చచ్చిన చేప, ఒరిగిపోయిన చేప. తీగను ఇవ్వమని మాత్రం అడగలేదు. పెద్దమ్మ విన్నంతసేపూ ఆకు తుడవడం ఆపలేదు. అయ్యాక తట్ట చంకన పెట్టుకుని లేచింది.

"మీ ఇల్లు యాడ?"

ఆటోలో ఇంటికి వెళ్లాం. మా ఆయన తొట్టి ముందు స్టూలు మీద నిలబడి, మొన్న పట్టి ఉంచిన బకెట్లో నీళ్లను చెంబుతో తీసి, గాలి కలిసేట్టు ఎత్తు నుంచి సన్నగా పోస్తున్నాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. చచ్చిపోయిన చిన్న చేప కాగితం మీద ఉంది. పెద్దది నీటిపైన ఒరిగి, ఉండి ఉండి నోరు తెరుస్తోంది. పెద్దమ్మ వంగి చూసింది.

"దీని మూతి చూడవే. పాట ఎత్తుకోబోయినట్టుంది." తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇదెట్టా పెట్టాలో పెట్టు."

ఆయన చెయ్యి చాపబోయాడు. నేను అడ్డం వచ్చాను. అది పెద్దమ్మది, బల్ల మీద పెట్టింది మళ్లీ మన ఇంట్లోకి తీసుకోకూడదని అన్నాను. మా ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది.

పెద్దమ్మ నా వైపు తిరిగి, సండే స్కూలు పిల్లను చూసినట్టు చూసింది.

"నిన్ను తీసుకోమన్నదెవరే? తీగ నాది. నా తీగ నా ఇష్టమొచ్చిన చోట పెట్టుకుంటా. నా గది ఇరుకు, అందుకని మీ ఇంట్లో పెట్టుకుంటున్నా. నీళ్లు చూసుకోవటం నీ పని. ప్రతి ఆదివారం గుడి అయినాక వచ్చి చూసుకుంటా. ఒక్క ఆకు పండినా ఊరుకోను."

మా ఆయన ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు. వేళ్లను నిలవ నీళ్లలో రెండుసార్లు కడిగి, థర్మోకోల్ బెజ్జంలో నుంచి తొట్టిలోకి దింపాడు. తొట్టి బయట ఉన్న తీగలోంచి పెద్దమ్మ కోసం ఒక కొమ్మ కత్తిరించి గాజు సీసాలో పెట్టాను. కత్తిరించే ముందు ఆమెను అడిగాను. కణుపు ఎక్కడో చూపిస్తే, అక్కడే కొయ్యమని తనే చెప్పింది. ఆ పూట మాతోనే అన్నం తింది. పులుసులో ఉప్పు చాలలేదంది.

ఆ సాయంత్రానికే చేప బాగైపోయిందని రాస్తే అది సాక్ష్యం కాదు. వేళ్లు నీళ్లలో పెట్టగానే అద్భుతం ఏమీ జరగలేదు. మా ఆయన రోజూ పొద్దునా సాయంత్రం రెండు చెంబుల చొప్పున నీళ్లు మార్చాడు. నేను ప్రార్థన చేశాను. బుడగల మోటారు ఆగకుండా తిరిగింది. మూడో రోజు పెద్ద చేప నిటారుగా నిలబడింది. నాలుగో రోజు కిందికి దిగి వేళ్ల మధ్యకు వెళ్లింది. అయిదో రోజు మా ఆయన వేలు ఎటు వెళ్తే అటు తిరిగింది. ఆయన ఆ పూట రెండో గ్లాసు టీ అడిగాడు.

పెద్దమ్మ మాట తప్పలేదు. ప్రతి ఆదివారం వస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నన్నూ ఆయన్నూ పలకరించకుండా ముందు తొట్టి దగ్గరికి వెళ్తుంది. పండిన ఆకు కనబడితే తుంచి తెచ్చి నా మిషను మీద, నేను కుడుతున్న గుడ్డ మీదనే పెడుతుంది. తర్వాత అన్నం పెట్టమంటుంది. చేపకు మేత తనే వేస్తానంటుంది, ఎక్కువ వేస్తుంది, మా ఆయన ఆమె వెళ్లాక వలతో తీస్తాడు. ఆమె గదిలో సీసాలో కొమ్మ కూడా వేళ్లు వేసి కిటికీ దాటింది. అయినా అసలు తీగ ఇక్కడుందని, అది చిన్న ఇల్లని, ఇది పెద్ద ఇల్లని అందరికీ చెబుతుంది.

మొన్న ఎండాకాలంలో కింద అక్క గేటు మీది మనీ ప్లాంట్ ఎండిపోయింది. మా గుమ్మంలోకి వచ్చి నిలబడి ఒక కొమ్మ కావాలంది. నాది కాదక్కా, అడిగి చెప్పాలన్నాను. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"నేనే ఇచ్చిన కొమ్మ గదే ఇది. నువ్వు లోపలికి పో. పాలు పొంగినయ్యేమో చూసిరా."

నేను వెళ్లలేదు. ఆదివారం దాకా ఆగమన్నాను. ఆదివారం పెద్దమ్మే కిందికి దిగి తన చేత్తో కొమ్మ ఇచ్చి వచ్చింది. ఎలా పెంచాలో పావుగంట చెప్పిందట, అక్క తర్వాత నాతో అంది.

ఈ ఏడు కోత పండక్కి నేను మళ్లీ సొరకాయే తీసుకెళ్లాను. రైతు బజారులో గోరు గుచ్చి చూసి కొన్నదే. పెద్దమ్మ తన సీసాను రెండు చేతులతో పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. ఇదేం పంట పెద్దమ్మా అని నేనే అడిగాను. నీకెందుకే అంది. ఆ సీసా నేను తీసుకోవాలనుకున్నాను, నియమం ప్రకారం తీసుకోవచ్చు కూడా. కానీ నా వరస వచ్చేలోపే దుర్గి నుంచి కొత్తగా వచ్చి సంఘంలో చేరిన ఒకావిడ దాన్ని తీసుకుంది. నేను గుమ్మడికాయతో ఇంటికి వచ్చాను.

నాన్న మూట దూలానికి వేలాడిన రోజుల్లో అది మా ఇంట్లోనే, మా తలల మీదనే ఉండేది. కానీ మాది కాదు. దాని కింద కూర్చునే అన్నం తినేవాళ్లం, దాని కిందే పడుకునేవాళ్లం. అప్పుడు అది నాకు కష్టంగా ఉండేది. ఇప్పుడు నా మిషను పక్కన మా ఇంట్లో అన్నిటికంటే పచ్చగా ఉన్నది మాది కాదు, అది నాకు సంతోషంగానే ఉంది.

రేపు ఆదివారం. మిషను వైపు పాకిన కొమ్మ మీద ఒక ఆకు అంచు పసుపెక్కింది. మిషను కుడుతూ పొద్దుటి నుంచి దాన్ని చూస్తున్నాను. తుంచేస్తే ఆమెకు తెలియదు. నాది కాదు కదా, ఉంచాను.